డిస్కౌంట్ బ్రోకరేజ్ అంటే మా ఏజెంట్లకి ఎందుకంత మంట? పంతొమ్మిదేళ్ళుగా ఈ పనిలో ఉన్నవాడి సమాధానం

ముందు మీరు అడిగింది నాకు సరిగ్గా అర్థమైందో లేదో చూసుకుంటా. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఇల్లు అమ్మాలి, 600కే (ఆరు లక్షల డాలర్లు) దాకా వస్తుందని అంచనా. మామూలు ఏజెంట్లు 3 పర్సెంట్ కమిషన్ అడిగేచోట ఒక ఆన్‌లైన్ బ్రోకరేజ్ వాళ్ళు, అంటే డిస్కౌంట్ వాళ్ళు, 1.5 పర్సెంట్‌కే లిస్ట్ చేస్తాం (అమ్మకానికి పెడతాం) అన్నారు. మీకు బాగా తెలిసిన తెలుగు ఏజెంట్ ఒకాయన మాత్రం "వాళ్ళతో పెట్టుకుంటే మిగతా ఏజెంట్లు మీ ఇంటికి బయ్యర్లని తీసుకురారు, ఇల్లు నెలల తరబడి అలాగే పడి ఉంటుంది" అని భయపెట్టాడు. అది నిజమా, తన కమిషన్ పోతుందని చెప్తున్నాడా, అసలు మామూలు ఏజెంట్లకి ఈ డిస్కౌంట్ వాళ్ళంటే ఎందుకు పడదు, ఇదీ ప్రశ్న.

నేను 2006లో టెక్సాస్ లైసెన్స్ తీసుకున్నా, అప్పట్నుంచి డాలస్ నార్త్ సైడ్ లోనే పని చేస్తున్నా. నేను కూడా మీ ఫ్రెండ్ లాంటి ఫుల్ సర్వీస్ ఏజెంట్‌నే, కాబట్టి ఈ విషయంలో నా పొట్టకూటి సంగతి కూడా ఉంది, అది గుర్తు పెట్టుకునే చదవండి. ఆయన చెప్పిందాంట్లో సగం ఒకప్పుడు నిజం, ఇప్పుడు చాలావరకు కాదు. కానీ ఆయన చెప్పని సంగతి ఇంకోటి ఉంది, అసలు మీరు పట్టించుకోవాల్సింది అదే, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

నేను పనిలో చేరిన కొత్తల్లోనే రెడ్‌ఫిన్ గొడవ మొదలైంది. సియాటిల్‌లో 2004లో పుట్టిన కంపెనీ, 2006లో బ్రోకరేజ్ పని మొదలుపెట్టి బయ్యర్ తరఫు కమిషన్‌లో మూడింట రెండొంతులు బయ్యర్‌కే వెనక్కి ఇస్తామంది, ఏజెంట్లకి జీతాలిచ్చి పెట్టుకుంది. 2007లో వాళ్ళ సీఈఓ గ్లెన్ కెల్మన్ టీవీలో కూర్చుని అమెరికాలో ఇంత అధ్వాన్నమైన ఇండస్ట్రీ ఇంకోటి లేదన్నట్టు మాట్లాడితే మర్నాడు మా ఆఫీసులో ఎవరి మొహం చూసినా కోపమే. అప్పటికి రెడ్‌ఫిన్ మా ఊరి దరిదాపుల్లోకి కూడా రాలేదు, అయినా అందరికీ తమ ఇంట్లో దొంగ పడ్డట్టే ఉంది. మా మేనేజర్ మీటింగ్ పెట్టి ఒకటే మాట చెప్పింది: కమిషన్ రేటు ఎంత ఉండాలని గానీ, ఫలానా కంపెనీ ఇళ్ళు చూపించొద్దని గానీ ఈ గదిలో ఎవ్వరూ నోరెత్తకూడదు అని. ఎందుకంటే అది యాంటీట్రస్ట్ నేరం, అంటే పోటీ లేకుండా కుమ్మక్కవడం. వాషింగ్టన్ డీసీ రియల్ ఎస్టేట్ బోర్డు వాళ్ళు అందరికీ ఒకే రేటు పెడితే సుప్రీంకోర్టు 1950లోనే అది చెల్లదని కొట్టేసింది. సో, ఎవరూ ఎవరితోనూ ఒప్పందం చేసుకోలేదు, నిజంగానే చేసుకోలేదు. కానీ ఎవరికి వాళ్ళు విడివిడిగా ఒకే పని చేశారు.

ఆ పని ఏంటో చెప్తా, ఎందుకంటే మీ ఫ్రెండ్ భయపెట్టింది దాని గురించే. 2024 ఆగస్టు దాకా ఎంఎల్‌ఎస్‌లో (అమ్మకానికి ఉన్న ఇళ్ళని ఏజెంట్లు పెట్టే ఉమ్మడి డేటాబేస్) ప్రతి లిస్టింగ్ పక్కన, బయ్యర్‌ని తెచ్చిన ఏజెంట్‌కి ఎంత ఇస్తారో ఒక గడిలో రాసి ఉండేది. చాలా ఏళ్ళపాటు బయ్యర్‌కి అది కనపడేది కాదు, మాకు మాత్రం కనపడేది. ఎక్కడో 3 అని ఉంటుంది, ఎక్కడో 2, ఎక్కడో 1. బయ్యర్‌కి చూపించడానికి ఎనిమిది ఇళ్ళు ఎంచాల్సి వచ్చి పన్నెండు సరిపోయేవి దొరికితే, ఆ తీసేసే నాలుగూ ఏవో చెప్పక్కర్లేదు కదా. నేను చేయలేదని చెప్పను. పిల్లలు చిన్నవాళ్ళు, 2008, 2009 లో డీల్ ఒక్కటి క్లోజ్ అయితే ఆ నెల గడిచినట్టు, అలాంటప్పుడు ఆ గడి వైపు నా కళ్ళు పోయాయి, ఈ రోజుకీ తల్చుకుంటే బాధగానే ఉంటుంది. మసాచుసెట్స్ డేటా మీద ఎకనామిస్టులు చేసిన స్టడీ ఒకటి 2017లో వచ్చింది, బయ్యర్ ఏజెంట్‌కి తక్కువ కమిషన్ పెట్టిన ఇళ్ళు అమ్ముడుపోయే ఛాన్స్ 5 శాతం తక్కువ, అమ్ముడుపోయినా 12 శాతం ఎక్కువ టైం పట్టింది అని తేలింది. కాబట్టి మీ ఫ్రెండ్ గాల్లోంచి పుట్టించిన మాట కాదు అది, మా వాళ్ళు ఏళ్ళ తరబడి చేసిన పనే.

ఇప్పుడు ఎందుకు కాదంటున్నానంటే, కాన్సస్ సిటీ కోర్టులో ఈ కమిషన్ల కేసులోనే 2023 అక్టోబర్ 31న జ్యూరీ జాతీయ రియల్టర్ల అసోసియేషన్ మీదా పెద్ద బ్రోకరేజీల మీదా దాదాపు 1.8 బిలియన్ డాలర్ల తీర్పు ఇచ్చింది, తర్వాత 2024 మార్చిలో అసోసియేషన్ 418 మిలియన్లకి సెటిల్ చేసుకుంది, ఆ సెటిల్‌మెంట్ ప్రకారం 2024 ఆగస్టు 17 నుంచి ఆ గడి ఎంఎల్‌ఎస్‌లోంచి పోయింది. బయ్యర్ ఒక్క ఇల్లు చూడాలన్నా ముందు తన ఏజెంట్‌తో రాతపూర్వకంగా అగ్రిమెంట్ చేసుకోవాలి, ఏజెంట్ ఫీజు ఎంతో అందులోనే రాయాలి, ఆ రాసిన దానికన్నా ఎక్కువ ఏజెంట్ ఎక్కడ్నుంచీ తీసుకోకూడదు. అంటే నాకు రావాల్సింది నా బయ్యర్‌తో ముందే తేలిపోయింది, మీ ఇంటి మీద బోర్డు ఎవరిదైనా నాకొచ్చే పైసల్లో తేడా లేదు. పైగా ఈ రోజుల్లో బయ్యర్లు ఇళ్ళు వాళ్ళే ఫోన్‌లో వెతుక్కుని రాత్రి పదకొండుకి లింక్ పంపి "అన్నా, రేపు పొద్దున్నే ఇది చూపించు" అంటారు. చూపించను అనే ధైర్యం ఏ ఏజెంట్‌కీ లేదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ ఆన్‌లైన్ వాళ్ళు చెప్పే 1.5 అనేది లిస్టింగ్ వైపు ఫీజు మాత్రమే. బయ్యర్ ఏజెంట్‌కి మీరేమైనా ఇస్తారా లేదా అనేది పూర్తిగా వేరే విషయం, అది మీ ఇష్టం. కానీ బయ్యర్ తన ఆఫర్‌లోనే "మా ఏజెంట్ ఫీజు ఇంత మీరు కట్టండి" అని అడగొచ్చు, చాలామంది అడుగుతున్నారు, డౌన్ పేమెంట్‌కే అవస్థ పడే ఫస్ట్ టైం బయ్యర్లు తప్పకుండా అడుగుతారు. మీరు అస్సలు ఇవ్వనని భీష్మించుకుంటే అలాంటి బయ్యర్లు జారిపోతారు. అది ఏజెంట్ల కుట్ర కాదు, వాళ్ళ చేతిలో డబ్బు లేకపోవడం. చాలామంది ఈ రెండూ కలిపేసుకుని, 1.5 తో మొత్తం అయిపోతుందనుకుని, క్లోజింగ్ దగ్గర, అంటే ఇల్లు చేతులు మారే రోజు, లెక్కల షీట్ చూసి గొడవ పడుతున్నారు.

సరే, మంట సంగతి. మొదటి కారణం డబ్బే, దాచడానికి ఏమీ లేదు. 600కే ఇంటికి 3 పర్సెంట్ అంటే 18 వేలు, 1.5 అంటే 9 వేలు. మీ కళ్ళకి 18 వేలు ఏజెంట్ జేబులోకి పోయినట్టు కనపడుతుంది. నాకు 70:30 స్ప్లిట్ అనుకోండి, బ్రోకర్‌కి పోగా 12,600. అందులో ఫోటోలు, డ్రోన్ వీడియో, స్టేజింగ్, ఎంఎల్‌ఎస్ ఫీజులు, ఇన్సూరెన్స్, తర్వాత సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ 15.3 శాతం, దానిపైన ఇన్‌కం ట్యాక్స్. చాలామంది ఏజెంట్లు ఏడాదికి పది పన్నెండు డీల్స్ చేస్తే గొప్ప. అందులో సగం పోతుందంటే ఎవరికైనా మండుతుంది.

కానీ ఇంకో లెక్క ఉంది, మా వాళ్ళు దాని గురించి మాట్లాడరు. నా వారంలో ఎక్కువ భాగం ఇళ్ళు అమ్మడానికి కాదు, అమ్మేవాళ్ళని వెతుక్కోవడానికే పోతుంది. తెలుగు అసోసియేషన్ ఫంక్షన్లకి స్పాన్సర్‌షిప్, గుడిలో క్యాలెండర్లు, వాట్సాప్ గ్రూపులు, ఓపెన్ హౌసులు, కాఫీలు, ఎవరింట్లో గృహప్రవేశమైనా వెళ్ళి కనపడటం. ఇళ్ళ ధరలు పెరిగినప్పుడల్లా కమిషన్ పెరుగుతుంది, అది చూసి ఇంకో వందమంది లైసెన్స్ తీసుకుంటారు, మనిషికి వచ్చే డీల్స్ తగ్గుతాయి, సంపాదన మళ్ళీ అక్కడికే వస్తుంది. మీరు కట్టే 3 పర్సెంట్‌లో పెద్ద ముక్క మీ ఇంటి మీద చేసిన పనికి కాదు, మిమ్మల్ని పట్టుకోవడానికి నేను చేసిన ఖర్చుకి. ఆన్‌లైన్ వాళ్ళు సరిగ్గా ఈ ముక్కనే కోసేశారు. వాళ్ళ వెబ్‌సైట్‌కి జనం వాళ్ళంతట వాళ్ళే వస్తారు కాబట్టి తక్కువకి చేయగలరు. ఈ విషయంలో వాళ్ళది కరెక్టే, ఎన్నేళ్ళు ఆలోచించినా దీనికి నా దగ్గర జవాబు లేదు.

రెండో కారణం డబ్బుకి సంబంధం లేనిది. మా వాళ్ళు మీకు చెప్పేటప్పుడు దీన్ని వదిలేసి భయపెట్టే మాటలే చెప్తారు. నిజమైన కోపం ఎక్కడంటే, అవతలి వైపు పని చేసేవాడు లేకపోతే ఆ పని మా నెత్తిన పడుతుంది. ఇల్లు అమ్మడం అంటే బోర్డు పాతడం, ఫోటోలు పెట్టడం అని జనం అనుకుంటారు. అది తేలిక భాగం. కాంట్రాక్ట్ కుదిరిన రోజు నుంచి క్లోజింగ్ దాకా ఉండే ఆ ముప్పై, ముప్పై అయిదు రోజులే అసలు పని. ఇన్‌స్పెక్షన్, రిపేర్ల బేరం, అప్రైజల్ (లోన్ కోసం కట్టే ఇంటి విలువ) తక్కువొస్తే ఏం చేయాలి, లెండర్ చివరి వారంలో అడిగే కాగితాలు, టైటిల్ కంపెనీలో బయటపడే పాత లీన్ (ఇంటి మీద తీరని బాకీ) లాంటివి, హెచ్‌ఓఏ (కాలనీ ఓనర్ల సంఘం) పత్రాలు. రెండు వైపులా ఇద్దరు తెలిసినవాళ్ళు ఉంటే ఇవి ఫోన్లలో తేలిపోతాయి. ఒకవైపు ఎవరూ లేకపోతే నేను ఇద్దరి పనీ చేయాలి, లేకపోతే నా బయ్యర్ డీల్ పోతుంది. అదనపు పనికి నాకెవ్వరూ ఇవ్వరు.

ఇందులో అందరికన్నా కష్టం ఫ్లాట్ ఫీ వాళ్ళతో. కొన్ని వందల డాలర్లు తీసుకుని ఎంఎల్‌ఎస్‌లో ఎక్కిస్తారు, మిగతాదంతా ఓనరే చూసుకోవాలి. టెక్సాస్‌లో దీనిమీద 2005లోనే చట్టం మార్చారు, క్లయింట్‌తో ఎక్స్‌క్లూజివ్ అగ్రిమెంట్ ఉన్న బ్రోకర్ కనీసం ఆఫర్లు క్లయింట్‌కి అందించాలి, అడిగిన ప్రశ్నలకి జవాబు చెప్పాలి, ముఖ్యమైన సమాచారం చెప్పాలి అని. ఇది డిస్కౌంట్ వాళ్ళని తొక్కడానికే అని అప్పట్లో జస్టిస్ డిపార్ట్‌మెంట్, ఎఫ్‌టీసీ (వ్యాపారాల్లో పోటీని చూసే ఫెడరల్ సంస్థ) రెండూ అభ్యంతరం చెప్పాయి. వాళ్ళ అనుమానంలో నిజం లేకపోలేదు, మా వాళ్ళు ఆ చట్టం కోసం గట్టిగా తిరిగింది కస్టమర్ల మీద ప్రేమతో మాత్రమే కాదు. చట్టంలో ఎలా ఉన్నా ఫీల్డ్‌లో జరిగేది ఏంటంటే, ఫోన్ చేస్తే ఓనరే ఎత్తుతాడు.

కొన్నేళ్ళ క్రితం నేను బయ్యర్ తరఫున ఒక ఇంటికి ఆఫర్ వేయబోతున్నా. అవతల ఫ్లాట్ ఫీ లిస్టింగ్, ఓనర్ మన తెలుగాయనే. తెలుగులో మాట్లాడేసరికి ఆయన మనసు విప్పేశాడు, కంపెనీ ట్రాన్స్‌ఫర్ ఇచ్చింది, నెలాఖరుకి నార్త్ కరోలినా వెళ్ళిపోవాలి, అక్కడ ఇల్లు కూడా కొనేశాం, రెండు మార్ట్‌గేజ్‌లు కట్టలేక నిద్ర పట్టట్లేదు తమ్ముడూ అని. నేను మధ్యలోనే ఆపి చెప్పా, అన్నా, నేను బయ్యర్ మనిషిని, మీరు నాకు చెప్పింది నేను మా వాళ్ళకి చెప్పి తీరాలి, అది నా డ్యూటీ అని. అప్పటికే ఆలస్యమైపోయింది. మా బయ్యర్‌కి చెప్పా, వాళ్ళు లిస్ట్ ప్రైస్ కన్నా 20 వేలు తగ్గించి ఆఫర్ పెట్టారు, ఆయన ఒప్పుకున్నాడు. ఆయన మిగుల్చుకున్న లిస్టింగ్ కమిషన్ కన్నా ఆ ఫోన్ కాల్‌లో పోయిందే ఎక్కువ. నేను తప్పు చేయలేదు, చేయాల్సిందే చేశా, అయినా క్లోజింగ్ రోజు ఆయన నాకు చెయ్యి కలిపి థాంక్స్ చెప్తుంటే ఎలా ఉందో నాకే తెలుసు. ఆయన పక్కన ఎవరో ఒకరు, ఒక పర్సెంట్ తీసుకునే మనిషైనా సరే, ఉండి ఉంటే ఆ మాట నా దాకా వచ్చేది కాదు.

మీరు చూస్తున్నది ఫ్లాట్ ఫీ కాదు, 1.5 కంపెనీ, అక్కడ మనిషి ఉంటాడు. అయితే ఆ మనిషి చేతిలో ఒకేసారి ఎన్ని లిస్టింగులు ఉంటాయి అనేది చూడాలి. ఫీజు తక్కువైతే గిట్టుబాటు కావాలంటే ఎక్కువ ఇళ్ళు చేయాలి, వేరే దారి లేదు. అందుకని పనిని ముక్కలు చేస్తారు, ఒకరు లిస్టింగ్ అగ్రిమెంట్ చేస్తారు, ఇంకొకరు ఇల్లు చూపిస్తారు, కాంట్రాక్ట్ అయ్యాక ఎక్కడో ఆఫీసులో కూర్చున్న కోఆర్డినేటర్ కాగితాలు నడుపుతుంది. అంతా సవ్యంగా ఉంటే ఇది బ్రహ్మాండంగా నడుస్తుంది. తేడా వచ్చినప్పుడే చిక్కు.

మన ఏరియాలో తేడా అంటే ముందు ఫౌండేషనే. నార్త్ టెక్సాస్ మట్టి బంకమట్టి, వానకి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుపోతుంది, స్లాబ్ కదలని ఇల్లు వెతికినా దొరకదు. ఇన్‌స్పెక్టర్ రిపోర్ట్‌లో "ఫౌండేషన్ కదలిక సూచనలు" అని ఒక లైన్ రాయగానే, కాలిఫోర్నియా నుంచి వచ్చిన బయ్యర్ గుండె ఆగిపోతుంది. ఆప్షన్ పీరియడ్‌లో (కాంట్రాక్ట్ అయ్యాక మొదటి కొన్ని రోజులు) ఉన్నారు కాబట్టి ఏ కారణం లేకుండా వెనక్కి వెళ్ళొచ్చు, పోయేది చిన్న ఆప్షన్ ఫీజే. వెంటనే 15 వేలు క్రెడిట్ ఇవ్వండి, లేకపోతే క్యాన్సిల్ అని మెసేజ్ వస్తుంది. ఇక్కడ సెల్లర్ ఏజెంట్ ఏం చేస్తాడన్నదే మీరు కొనుక్కుంటున్న సర్వీస్. నేను చూసిన ఒక కేసులో కోఆర్డినేటర్ ఆ ఈమెయిల్‌ని అలాగే ఓనర్‌కి ఫార్వర్డ్ చేసి "మీ నిర్ణయం సాయంత్రంలోగా చెప్పండి" అని రాసింది. ఓనర్ భయపడి ఇచ్చేశాడు. చేయాల్సింది ఏంటంటే, కొన్ని వందలు పెట్టి స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని ఆ రెండ్రోజుల్లోనే పిలిపించి, లెవెల్స్ కొలిపించి, ఈ ఇంటి వయసుకి ఇది మామూలే, రిపేర్ అక్కర్లేదు అని లెటర్ రాయిస్తే, చాలాసార్లు ఆ 15 వేలు రెండు మూడు వేలకి దిగుతుంది. ఫౌండేషన్ నిజంగానే పోయి ఉంటే అది కూడా అప్పుడే తెలుస్తుంది. ఏ ఇంజనీర్ రెండ్రోజుల్లో వస్తాడో, ఫోన్ చేస్తే ఎవరు ఎత్తుతారో తెలియాలంటే ఈ ఊళ్ళో పని చేసి ఉండాలి.

మీరు 1.5 తో మిగుల్చుకునేది 9 వేలు. ఒక్క బేరంలో అంతకన్నా ఎక్కువ పోవచ్చు, ఒక్క బేరంలో అంతకన్నా ఎక్కువ రావచ్చు. మా వాళ్ళు మీకు ఇలా లెక్క వేసి చెప్తే ఎంతో బాగుండేది.

కానీ 3 పర్సెంట్ ఇస్తే ఈ పని జరుగుతుందని గ్యారంటీ ఉందా అంటే, లేదు. ఈ మాట మా వాళ్ళకి నచ్చదు, అయినా నిజం. పోయినేడాది నేను చేసిన డీల్స్‌లో అన్నిటికన్నా బాగా పని చేసిన అవతలి ఏజెంట్ డిస్కౌంట్ కంపెనీ అమ్మాయే. ఏడాదికి అరవై డీల్స్ చేస్తుందట, కాంట్రాక్ట్‌లో ప్రతి పేరా తనకి కంఠస్థం, ఏ మెసేజ్‌కైనా పది నిమిషాల్లో జవాబు. అదే సంవత్సరం ఫుల్ కమిషన్ తీసుకున్న ఒకాయన ఆప్షన్ పీరియడ్ మధ్యలో క్రూజ్‌కి వెళ్ళిపోయి నాలుగు రోజులు ఫోన్ ఎత్తలేదు. ఏడాదికి మూడు ఇళ్ళు అమ్మేవాడు 3 పర్సెంట్ అడుగుతాడు, అరవై అమ్మేవాళ్ళు 1.5 అడుగుతారు. అనుభవం ఎవరికి ఎక్కువో మీరే చెప్పండి.

ఇంకా లోతుకి పోతే, పర్సెంటేజీ కమిషన్ అనేదే ఏజెంట్‌ని మీ వైపు పూర్తిగా నిలబెట్టదు. మీ ఇల్లు ఇంకో 10 వేలు ఎక్కువ పలికితే మీకు దాదాపు 10 వేలు, 3 పర్సెంట్ ఏజెంట్‌కి 300, అది కూడా స్ప్లిట్ కాకముందు. ఆ 300 కోసం ఇంకో రెండు వారాలు ఎవరు ఆగుతారు? షికాగో చుట్టుపక్కల అమ్మకాల మీద లెవిట్, సివర్సన్ అనే ఇద్దరు ఎకనామిస్టులు 2008లో ఒక పేపర్ వేశారు, ఏజెంట్లు తమ సొంత ఇళ్ళు అమ్ముకునేటప్పుడు దాదాపు పది రోజులు ఎక్కువ ఆగి, 3.7 శాతం ఎక్కువ ధర తెచ్చుకున్నారని. ఆ పేపర్ చదివాక నేను ఒక అలవాటు చేసుకున్నా, ఆఫర్ వచ్చినప్పుడు సెల్లర్‌తో మాట్లాడే ముందు, ఇది మా ఇల్లైతే తీసుకుంటానా అని మా ఆవిడని అడుగుతా. ఆవిడ చాలాసార్లు ఇంకొన్నాళ్ళు ఆగమంటుంది.

ధర పెట్టడం గురించి చిన్నమాట. ఆన్‌లైన్ టూల్స్ చదరపు అడుగులు, బెడ్‌రూమ్‌లు, పక్కింటి అమ్మకం చూసి నంబర్ ఇస్తాయి, ఆ నంబర్ చాలాసార్లు బానే ఉంటుంది. మన వైపు తూర్పు ఫేసింగ్ ఇంటికి వచ్చే పోటీ, అదే వీధిలో దక్షిణం ఫేసింగ్ ఇంటికి రాని పోటీ ఆ టూల్స్‌కి అంత బాగా తెలియదు. మీది తూర్పు అయితే ఎవరితో లిస్ట్ చేసినా ఫోటోల కింద మొదటి లైన్లోనే రాయించండి.

"ఈ డిస్కౌంట్ కంపెనీలన్నీ చివరికి మునిగిపోతాయి" అని మా వాళ్ళు ధైర్యం చెప్పుకుంటూ ఉంటారు. ఉదాహరణలు చాలానే ఉన్నాయి మరి. న్యూజెర్సీ చుట్టుపక్కల తక్కువ కమిషన్‌తో సంచలనం చేసిన ఫాక్స్‌టన్స్ 2007లో మార్కెట్ పడగానే దివాలా తీసింది. ఇంగ్లండ్ నుంచి వచ్చిన పర్పుల్‌బ్రిక్స్ 2017లో కాలిఫోర్నియాలో అడుగుపెట్టి 2019లో వెళ్ళిపోయింది, 2023లో వాళ్ళ దేశంలోనే ఆ బిజినెస్‌ని ఒక్క పౌండ్‌కి అమ్మేశారు. ఎంఎల్‌ఎస్ బయట అమ్ముతామన్న రెక్స్ 2022లో మూతపడింది. రెడ్‌ఫిన్ కూడా ఆ జీతాల పద్ధతి వదిలి 2024లో ఏజెంట్లని కమిషన్ వైపు మళ్ళించింది, 2025లో రాకెట్ అనే హోమ్ లోన్ల కంపెనీ చేతిలోకి పోయింది. మా ఆఫీసులో ఇది చెప్పుకుని కొందరు సంబరపడ్డారు. నాకు సంబరం అనిపించలేదు. మార్కెట్ వేడిగా ఉన్నప్పుడు తక్కువ ఫీజుతో నడుస్తుంది, అమ్మకాలు సగానికి పడితే జీతాలు, ఆఫీసులు భరించలేరు, మునిగింది అందుకు. కస్టమర్‌కి అక్కర్లేక మునగలేదు. వాళ్ళు తెచ్చినవన్నీ ఉండిపోయాయి. ఒకప్పుడు లిస్టింగులు చూడాలంటే మా ఆఫీసుకే రావాలి. ఆన్‌లైన్ బ్రోకర్లకి లిస్టింగులు దాచిపెట్టే రూల్ పెడితే జస్టిస్ డిపార్ట్‌మెంట్ 2005లో రియల్టర్ల అసోసియేషన్ మీద కేసు వేసి, 2008 సెటిల్‌మెంట్‌తో ఆ రూల్ తీయించింది. ఈ రోజు మీరు సోఫాలో కూర్చుని ఊరంతా ఇళ్ళు చూడగలుగుతున్నారంటే దాని వెనక మా వాళ్ళు తిట్టిపోసిన ఆ కంపెనీల పోరాటం కూడా ఉంది.

మన తెలుగు ఏజెంట్ల గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. డిస్కౌంట్ వాళ్ళు ప్రొఫెషన్‌ని నాశనం చేస్తున్నారని ఎక్కువ గట్టిగా అనేది మనవాళ్ళే, కొత్త బిల్డర్ ఇల్లు కొనే బయ్యర్‌కి 1 పర్సెంట్, 2 పర్సెంట్ క్యాష్ బ్యాక్ ఇచ్చేదీ మనవాళ్ళే. బయ్యర్ చేసే మొదటి ఫోన్‌లోనే "ఎంత వెనక్కి ఇస్తారు" అనేది ప్రశ్న. టెక్సాస్‌లో అది లీగల్, లెండర్‌కి చెప్పి క్లోజింగ్ కాగితాల్లో చూపిస్తే చాలు, నేను కూడా ఇస్తా. కాన్సస్, మిసిసిపి, అలబామా లాంటి రాష్ట్రాల్లో ఇలా ఇవ్వడం నిషేధం, అక్కడి కస్టమర్లకి అది నష్టం అని నా అభిప్రాయం. మోడల్ హోమ్‌లో రిజిస్టర్ చేసి, కాగితాలు చూసిపెట్టే పనికి 3 పర్సెంట్ ఎక్కువే, కాబట్టి వెనక్కి ఇవ్వడం న్యాయం. మరి పనిని బట్టి ఫీజు తగ్గించడం మన చేతుల్లో న్యాయమైతే, ఆన్‌లైన్ కంపెనీ చేతుల్లో అన్యాయం ఎట్లా అవుతుంది? ఈ ప్రశ్న ఒకసారి మా ఏజెంట్ల గ్రూపులో అడిగా, ఎవరూ జవాబు రాయలేదు.

ఇంక మీ ఇంటి సంగతి. ఆ ఆన్‌లైన్ కంపెనీకి ఫోన్ చేసి పర్సెంట్ గురించి కాకుండా ఇవి అడగండి. కాంట్రాక్ట్ అయ్యాక నా ఫోన్ ఎత్తేది ఎవరు, పేరు చెప్పండి. ఆ మనిషి చేతిలో ఇప్పుడు ఎన్ని లిస్టింగులు ఉన్నాయి. రిపేర్ల బేరం ఆయన ఫోన్‌లో మాట్లాడతాడా, ఈమెయిల్ ఫార్వర్డ్ చేస్తాడా. ఫ్రిస్కో, ప్రాస్పర్ వైపు గత ఏడాదిలో ఎన్ని క్లోజ్ చేశాడు, అందులో ఎన్ని ఆప్షన్ పీరియడ్‌లో పడిపోయాయి. మినిమం ఫీజు ఉందా, ఇల్లు అమ్ముడుపోకపోతే ఏమైనా కట్టాలా. తడుముకోకుండా జవాబులొస్తే నిశ్చింతగా వాళ్ళకే ఇవ్వండి, మీ ఇల్లు పదేళ్ళ లోపుది, మంచి స్కూల్ జోన్, అందరూ అడిగే సైజు అయితే ఇంకా నిశ్చింత. కిందటి యజమాని పర్మిట్ లేకుండా గది కట్టాడు, ఫౌండేషన్‌కి పియర్స్ (కింద ఊతంగా పెట్టే స్తంభాలు) వేయించిన చరిత్ర ఉంది, విడాకుల్లో ఉన్న ఇల్లు, అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేయట్లేదు, ఇలాంటివి ఏవైనా ఉంటే మాత్రం ఎక్కువ ఇచ్చైనా గట్టి మనిషిని పెట్టుకోండి.

ఇవే ప్రశ్నలు మీ ఫ్రెండ్‌ని కూడా అడగండి, మొహమాటపడకండి. జవాబులు బాగుంటే "వాళ్ళు 1.5 అంటున్నారు, నువ్వు ఎంతకి చేస్తావు" అని నేరుగా అడగండి. కమిషన్ రేటు ఏ చట్టంలోనూ లేదు, ఎప్పుడూ బేరమే, నన్ను అడిగినవాళ్ళకి నేను 2 కి చేసినవి చాలా ఉన్నాయి. అడగనివాళ్ళే 3 కట్టారు. ఆయన 2 అంటే నేనైతే మీ స్థానంలో ఆ 3 వేల తేడాకి తెలిసిన మనిషినే తీసుకుంటా. తగ్గనంటే, ఆయనకి జవాబులు కూడా లేకపోతే, స్నేహం కోసం 9 వేలు వదులుకోకండి.

ఎవరితో సంతకం పెట్టినా లిస్టింగ్ అగ్రిమెంట్‌లో రెండు చోట్ల ఆగి చదవండి. ఒకటి, మధ్యలో నచ్చక మానేస్తే ఏం కట్టాలి అనేది. రెండోది ప్రొటెక్షన్ పీరియడ్, అంటే అగ్రిమెంట్ అయిపోయాక కూడా వాళ్ళ టైంలో ఇల్లు చూసిన బయ్యర్ కొంటే ఫీజు వాళ్ళకే పోతుంది అనే లైన్. అక్కడ 180 రోజులు అని ఉంటే 30 చేయించండి, సంతకానికి ముందు అడిగితే ఎవరైనా మారుస్తారు. ఫౌండేషన్ కాగితాలు ఏమైనా ఉంటే ఇప్పుడే వెతికి పెట్టుకోండి, సెల్లర్స్ డిస్‌క్లోజర్ (ఇంటి లోపాలు రాసిచ్చే ఫారం) నింపేటప్పుడు కావాలి.